లైటుతో తలలో రక్తం కొలిచే చవక మిషన్: మా హాస్టల్ పిల్లలకు పనికొస్తదా?

ఏజెన్సీ సైన్స్ సారు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఉట్నూరు అవతల ఒక ఆశ్రమ పాఠశాలల ఫిజికల్ సైన్స్ చెప్త. సొంతూరు హన్మకొండ దిక్కు. ఇక్కడికొచ్చి పదకొండేండ్లయింది. గోండి ఇప్పటికీ సగమే వస్తది, పిల్లలు నవ్వుతరు.

మా హాస్టల్ల ముగ్గురు పిల్లలకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి లెక్క వంగిపోయే పుట్టుక జబ్బు) ఉంది. క్యారియర్లు కాదు, జబ్బే. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష రిపోర్టుల ఎస్‌ఎస్ (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జీను వచ్చింది) అని వచ్చింది. చలికాలం మా దగ్గర నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతయి. ఈ ముగ్గురికి పొద్దుగాల వేడినీళ్లే పెట్టాలని వంటామెతోటి ఒప్పందం చేసుకున్న. చలికి నొప్పులు లేస్తయని మొదటి ఏడే తెలిసొచ్చింది. ఒక రాత్రంతా పిల్ల మోకాళ్లు పట్టుకొని ఏడిస్తే నేనూ మా సిస్టరమ్మ (హాస్టల్ ఏఎన్ఎం) బండి మీద తీస్కపోయినం.

ఇప్పుడు అడిగేది నాలుగో తరగతి పిల్ల గురించి. నిరుడు ఎక్కాలు పదమూడు దాకా గడగడ చెప్పేది. ఈ ఏడు ఏడో ఎక్కం కాడ ఆగి నా మొఖం చూస్తుంది. ఊరి మీద బెంగ అనుకున్న. పోయిన మంగళవారం అన్నం కాడ ఎడమ చేతిలకెల్లి పళ్లెం జారింది. మళ్లీ ఇచ్చిండ్రు, మళ్లీ జారింది. పావుగంటల మామూలైంది, తెల్లారి ఆడుకుంది కూడ. సిస్టరమ్మ "నీరసం సార్" అన్నది.

సికిల్ సెల్ పిల్లలకు తలల రక్తం పారే తీరు చూసెటందుకు తక్కువ ఖర్చు పరికరాలు తయారుచేస్తున్నరని ఒకకాడ చదివిన. నుదుటికి పట్టీ లెక్క పెడితే లైటుతోనే కొలుస్తదట. సూది లేదు, పెద్ద మిషన్ లేదు. నేను సైన్స్ మనిషిని, కొద్దిగ సోల్డరింగ్ వస్తది. దాతలను పట్టుకొని ఒకటి కొనొచ్చునా? లేకుంటే లేజరు, కెమెరా పెట్టి మనమే చేసుకోవచ్చునా? నెలకొకసారి ముగ్గురినీ చూసి రిజిస్టర్ల రాసుకుంట. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

డాప్లర్ మేడమ్

సార్, మీ మిషన్ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు ఆ పళ్లెం సంగతి.

నేను హైదరాబాదులో రేడియాలజిస్టుని. పిల్లల తలకు డాప్లర్ పరీక్ష చేయడమే నా రోజువారీ పని. సికిల్ సెల్ ఉన్న పిల్లకి ఒక చెయ్యి పట్టు తప్పి పావుగంటలో తిరిగొస్తే దాన్ని నీరసం అనుకోకూడదు. మెదడుకి కాసేపు రక్తం అందక జరిగినదనే మేము అనుకుంటాం, కాదని తేలేదాకా. తర్వాత ఆడుకుందంటే ఏమీ కాలేదని కాదు. ఈ పోస్టు చూసిన వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆదివారమైనా సరే. వాళ్లతో "నీరసం" అనకండి. "సికిల్ సెల్ ఎస్‌ఎస్, ఎడమ చెయ్యి పదిహేను నిమిషాలు పని చేయలేదు" అని ఇంతే వాక్యం చెప్పండి. మళ్లీ చెయ్యి జారినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, కుంటినా, ఎవర్నీ అడక్కుండా 108కి ఫోన్.

ఇంకొకటి. మీ ఎక్కాల మాట చదివి నాకు ఒళ్లు జలదరించింది. ఈ పిల్లల్లో చెయ్యీ కాలూ పడిపోకుండానే మెదడులో చిన్న చిన్న చోట్ల దెబ్బ తగులుతుంది. సైలెంట్ స్ట్రోక్ అంటాం. పద్దెనిమిదేళ్లు నిండేలోపు మూడింట ఒక వంతుకు పైగా పిల్లల్లో ఎంఆర్ఐలో అది కనిపిస్తుంది. పేరుకే సైలెంటు. బడిలో మాత్రం వినపడుతుంది: చదువు వెనకబడటం, ధ్యాస నిలవకపోవడం. నిరుటి మార్కులూ ఈ ఏటి మార్కులూ ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో అది తెచ్చేవాళ్లు నూటికొకరు కూడా ఉండరు.

ఇప్పుడు పరీక్ష. ఇది లైటు కాదు, శబ్దం. చెవికి కాస్త ముందు, కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది. అక్కడ జెల్ రాసి ప్రోబు ఆనిస్తే మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. నాళం సన్నబడితే వేగం పెరుగుతుంది, గొట్టం మూతి నొక్కి పట్టుకుంటే నీళ్లు చిమ్మినట్టు. సెకనుకు 170 సెంటీమీటర్ల లోపు ఉంటే మామూలు. 170 నుంచి 199 దాకా అనుమానం, మళ్లీ త్వరగా చూడాలి. 200 దాటితే ప్రమాదం. రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఎస్‌ఎస్ పిల్లలందరికీ ఏడాదికోసారి ఇది చేయాలి.

ఆ 200 మేము గాల్లోంచి తెచ్చుకున్న అంకె కాదు. 1998లో వెలువడిన స్టాప్ అనే ట్రయల్‌లో ఆ గీత దాటిన 130 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. మామూలు వైద్యంలో ఉన్న 67 మందిలో 11 మందికి స్ట్రోక్ వచ్చింది. నెలనెలా రక్తం ఎక్కించిన 63 మందిలో ఒక్కరికి. తేడా అంత ఉండేసరికి ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. మీ లైటు పట్టీ ఒక అంకె చూపిస్తుందనే అనుకుందాం. ఆ అంకె ఎంత దాటితే పిల్లకి రక్తం ఎక్కించాలి? ఆ గీత ఇంకా ఎవరూ గీయలేదు సార్. నా అభ్యంతరం అంతా అదే.

ఏజెన్సీ సైన్స్ సారు

మేడమ్, మీ పోస్టు చూసి చేతులు వణికినయి. తెల్లారితే ఆగకుండ బయలుదేరుతున్నం. పిల్ల నాయిన కూడ వస్తుండు. మార్కుల కాగితం రాసిన. ఎనిమిది రోజులు పోగొట్టిన నేను.

తోడు పెరుగు

మాస్టారూ, నాది గుంటూరు జిల్లా, ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ. మీరు చదివింది దాదాపు నా పనే, అంటే తలలో రక్తప్రవాహాన్ని లైటుతో కొలవడం. సికిల్ సెల్ మీద కాదు, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల మీద. డాప్లర్ మేడమ్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. పాప ఆసుపత్రిలో ఉండగా మీరు ఇది చదవనక్కర్లేదు, తర్వాత చదవండి. కానీ సైన్స్ మాస్టారు అడిగారు కాబట్టి పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెడితే ఎర్రగా కనిపిస్తుంది కదా. ఎరుపూ, దానికి అవతల కంటికి కనబడని లైటూ ఒంట్లోకి కొంత దూరం చొరబడతాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ లైటుని వేర్వేరుగా మింగుతాయి. దీంతో మెదడులో ఆక్సిజన్ చూడొచ్చని 1977లోనే డ్యూక్ యూనివర్సిటీలో యోబ్సిస్ అనే ఆయన చూపించాడు. కానీ ఆక్సిజన్ ఎంత మిగిలిందో తెలిసినంత మాత్రాన రక్తం ఎంత వస్తోందో తెలియదు. గిన్నెలో అన్నం ఎంత మిగిలిందో చూసి ఎంత వండారో చెప్పలేం కదా, అలా.

ప్రవాహానికి వేరే ఉపాయం ఉంది. దాన్ని మీరు మీ హాస్టల్ వంటింట్లోనే చూడొచ్చు. లేజర్ పాయింటరు గోడ మీద వేయండి. చుక్క నున్నగా ఉండదు, రవ్వ చల్లినట్టు గరుగ్గా కనిపిస్తుంది. దాన్ని స్పెకిల్ అంటాం. గోడ కదలదు కాబట్టి ఆ రవ్వ కూడా కదలదు. ఇప్పుడు అదే పాయింటరు గ్లాసెడు పాల మీద వేయండి. రవ్వ మొత్తం కుతకుతలాడి చెదిరిపోతుంది, ఎందుకంటే పాలలోని వెన్న బొట్లు నిలకడగా ఉండవు. పాలు గోరువెచ్చగా ఉండగా తోడు వేసి గంటకోసారి చూస్తే పెరుగు గట్టిపడేకొద్దీ రవ్వ నెమ్మదిస్తుంది. ముట్టుకోకుండానే పెరుగు తోడుకుందో లేదో చెప్పేయొచ్చు. నా పేరు వెనక కథ అదే. ఒక జాగ్రత్త: పాయింటరు పిల్లల చేతికివ్వకండి, ఎవరి కళ్ల వైపూ తిప్పకండి, మెరిసే గిన్నె మీద వేయకండి.

తలలో వెన్న బొట్ల స్థానంలో ఎర్ర రక్తకణాలు. నుదుటి మీద ఒకచోట లేజరు, రెండున్నర మూడు సెంటీమీటర్ల అవతల లైటుని పట్టుకునేది. అంత దూరం పెడితే తిరిగొచ్చిన లైటులో కొంత పుర్రె దాటి మెదడు పైపొరని తాకి వచ్చినదై ఉంటుంది. రవ్వ ఎంత వేగంగా చెదిరితే రక్తం అంత వేగంగా పారుతోందన్నమాట. పాతికేళ్లకు పైగా చేస్తున్న పద్ధతిలో ఒక్కొక్క ఫోటాన్‌నీ (లైటు రేణువునీ) లెక్కపెట్టే డిటెక్టర్లు కావాలి. ఖరీదంతా వాటిదే. చవక ఎక్కడ వచ్చిందంటే, వాటి బదులు సెల్‌ఫోన్లలో ఉండే జాతి కెమెరా చిప్పు పెట్టడంలో. చిప్పులో లక్షల పిక్సెళ్లు, ఒక్కో దాని మీద ఒక్కో రవ్వ. కొన్ని మిల్లీసెకన్లు షట్టరు తెరిచి ఫోటో తీస్తే, ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు రవ్వ అలుక్కుపోయి బొమ్మ నున్నగా వస్తుంది, తక్కువగా ఉంటే గరుగ్గా ఉంటుంది. ఆ గరుకుతనాన్ని లెక్కగడితే చాలు.

ఇంత అందంగా ఉంది కదా, మరి సికిల్ సెల్ పిల్లల దగ్గర చిక్కేమిటి?

మొదటిది, వాళ్ల రక్తమే పలచన. హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్న పిల్ల తలలో లైటు ప్రయాణం, పన్నెండున్న పిల్ల తలలోలా ఉండదు. కణాల సంఖ్య తగ్గినా అంకె మారుతుంది, వేగం తగ్గినా మారుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద సరిచేసిన మిషన్ని తెచ్చి పెడితే తప్పు చెబుతుంది. పక్కనే హిమోగ్లోబిన్, లైటు మింగుడు కూడా కొలుచుకుని సవరించుకోవాలి.

రెండోది, చర్మం రంగు. కోవిడ్ నాడు వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ నల్లటి చర్మం మీద ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2020లో గట్టిగా బయటపడింది. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా ఆఫ్రికాలో, మన ఏజెన్సీల్లో. చర్మంలోని మెలనిన్ లైటుని మింగితే మన చిప్పుకి చేరేది ఇంకా తక్కువ. తెల్లవాళ్ల నుదుటి మీద బాగా పనిచేసిందని చెబితే నాకు ఆనందం లేదు. జుట్టైతే ఇంకా శత్రువు. అందుకే అందరూ నుదుటి దగ్గరే ఆగిపోతారు.

మూడోది, నాకు అన్నిటికంటే బాధగా ఉండేది. సైలెంట్ దెబ్బలు ఎక్కువగా తగిలేది మెదడు లోపలి తెల్ల పదార్థంలో. మా లైటు పైనుంచి ఒక సెంటీమీటరు, ఒకటిన్నర దగ్గరే అలిసిపోతుంది. పెరట్లో నిలబడి బావి లోతు చెప్పమన్నట్టు ఉంటుంది.

అయినా ఎందుకు చేస్తున్నామంటే, మేడమ్ చూసేది పెద్ద కాలవ, మేము చూసేది పొలంలోకి పారిన నీరు. కాలవలో నీళ్లు ఉరకలేస్తున్నా చివరి మడి తడవకపోవచ్చు. ప్రవాహం, ఆక్సిజన్ రెండూ కలిపి కొలిస్తే మెదడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో తెలుస్తుంది, అది డాప్లర్ చెప్పలేదు. అందుకని ప్రస్తుతానికి ఇది పరిశోధన పనిముట్టు. మీరు సొంతంగా చేసి పాప నుదుటికి పెట్టొద్దు మాస్టారూ. బజారు పాయింటర్ల లైటు నిలకడ ఈ పనికి చాలదు, చర్మానికీ కంటికీ ఎంత మోతాదు వెళ్తోందో మీకు కొలిచే వీలుండదు. అన్నిటికీ మించి, ఒకరోజు అది "బాగుంది" అని చూపిస్తే మీరు ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారేమోనని నా భయం.

డాప్లర్ మేడమ్

పొలం, చివరి మడి పోలిక నాకు నచ్చింది బాబూ, రేపు మా పీజీలకు చెబుతాను. కానీ ఒక దెప్పు. మీ ల్యాబు దాటని మిషన్ ఎంత చవకైతే ఏం లాభం? మా మిషన్ లక్షల్లోనే ఉన్నా అసలు కొరత మిషన్ కాదు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ ఉంటుంది. పిల్లల కణత మీద ప్రోబు పెట్టి సరైన నాళం పట్టుకోవడం నేర్పినవాళ్లే లేరు. మామూలు అల్ట్రాసౌండ్ మిషన్‌తో చూస్తే వేగం కొద్దిగా తక్కువ చూపిస్తుందని కూడా తెలియాలి. మీ పట్టీ నర్సమ్మ పెట్టినా సరిపోయేట్టు వస్తే, ఎవర్ని నా దగ్గరికి ముందు పంపాలో చెబితే చాలు, నేనే మొదట చప్పట్లు కొడతాను.

తోడు పెరుగు

దెప్పు ఒప్పుకున్నాను మేడమ్. "ఎవర్ని ముందు పంపాలి" అన్నదే మా ల్యాబులో కూడా అందరం అనుకునేది. అంతకుమించి అనుకుంటే మాది అత్యాశ.

అరకు అమ్మ

సారుగోరూ, మాది అరకు దగ్గర. మా బాబుకి ఆరో యేట కుడిపక్క పడిపోయింది. అప్పటికి మాకు జబ్బు పేరు కూడా తెలీదు. ఒక పెద్ద ఆసుపత్రిలో మూర్ఛ అనుకుని మూడ్రోజులు అలాగే ఉంచేసినారు. ఏ ఆసుపత్రో చెప్పను, తిట్టుకుంటే చెయ్యి తిరిగొస్తదా. ఇప్పుడు బాబుకి పదకొండు. నెలనెలా రక్తం ఎక్కించుకుంటాడు, ఎడం చేత్తో రాస్తాడు, రాత బాగుంటాది.

రక్తం ఎక్కించడం మొదలెడితే అయిపోయినట్టు కాదండీ. ఒంట్లో ఇనుము పేరుకుపోతాది, దానికి వేరే మందు. రక్తం గ్రూపు ఒక్కటీ సరిపోతే చాలదు, చిన్న గ్రూపులు కూడా చూసి ఎక్కించమని అడగండి, లేకపోతే తర్వాత తర్వాత ఒంటికి పడదు. దాతలని పట్టుకుంటానన్నారు కదా. మిషన్ కోసం కాదు, రక్తం ఇచ్చే కుర్రోళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. మా వీధి ఆటోవాళ్లే మాకు దిక్కయ్యారు.

హైడ్రాక్సీయూరియా బిళ్లలు, అదే ఈ జబ్బుకి వేసే మందు, రోజూ ఎవరు ఇస్తున్నారు? ఎదురుగా నిలబడి మింగించండి. మావాడు కొన్నాళ్లు దిండు కింద దాచేవాడు.

ఏజెన్సీ సైన్స్ సారు

ఇరవై రెండు రోజులకు మళ్లీ రాస్తున్న. ఆలస్యానికి క్షమించాలె.

మొదటి రోజు జిల్లా ఆసుపత్రిల సీటీ తీసిండ్రు, రక్తస్రావం లేదన్నరు. అక్కడి పిల్లల డాక్టరు మార్కుల కాగితం రెండుసార్లు చదివిండు. ఆయనే హైదరాబాదు రాసిచ్చిండు. హైదరాబాదుల ఎంఆర్ఐ: కుడి దిక్కు ముందు భాగంల రెండు చిన్న మచ్చలు, పాతయి. డాప్లర్: కుడి పక్క 188, ఎడమ పక్క 162. అంటే మేడమ్ చెప్పిన నడిమిట్ల.

మందు సంగతి తేలింది. పిల్ల పదిహేడు కిలోలు ఉన్ననాడు రాసిన డోసే ఇప్పటికీ నడుస్తుంది. ఇప్పుడు ఇరవై మూడు. ఎవ్వలం తూచలే. అరకు అమ్మా, దిండు కింద నేను కూడ చూసిన, ఏం లేదు గని, శని ఆదివారాలు ఇంటికి పోయినప్పుడు మింగుతలేదట. ఇప్పుడు డోసు పెంచిండ్రు, పదిహేను రోజులకొకసారి రక్తకణాలు లెక్క చూయించాలె. రక్తం ఎక్కించుడు మీద పెద్ద డాక్టర్లు ఈ వారం కూర్చొని తేలుస్తమన్నరు, చెయ్యి జారుడు, మచ్చలు, 188 మూడూ కలిపి. సొంత ఊరోళ్లు తొమ్మిది మంది రక్తానికి పేర్లిచ్చిండ్రు.

మిగిలిన ఇద్దరికి కూడ డాప్లర్ చేయించిన. ఒకరిది 140 చిల్లర, ఇంకొకరిది 151.

పాల ముచ్చట కూడ చెప్పాలె. ఒక రాత్రి వంటింట్ల లైట్లు ఆర్పి పాయింటరును స్టాండుకు కట్టి గోడ మీద, పాల మీద వేసి చూయించిన. పిల్లలు పాలల్ల పురుగులు పడ్డయని అరిసిండ్రు. తోడేసి గంటగంటకూ చూసినం. పదింటికి అందరూ పండుకున్నరు, ఈ పిల్లొక్కతే కూసున్నది. రవ్వ ఆగిందాకా చూసింది. "సార్, నా తలల పాలున్నయా, పెరుగున్నదా?" అని గోండిల అడిగింది. నాకు సగమే అర్థమైంది, సిస్టరమ్మ తెలుగుల చెప్పింది. పాలే ఉండాలె బిడ్డా అన్న.

మేడమ్, మళ్లీ డాప్లర్‌కు మూడు నెలలకు రమ్మన్నరు. పొద్దుగాల నాలుగు గంటల బస్సుకు ఎక్కియ్యాలె. నిద్రపోతూ వస్తది. ఏమన్న ఫరక్ పడుతదా?

డాప్లర్ మేడమ్

పడుతుంది. పరీక్ష చేసేటప్పుడు పాప మెలకువగా ఉండాలి. నిద్రలో చేస్తే అంకె మారిపోతుంది. జ్వరం ఉన్నా, రక్తం ఎక్కించిన కొద్ది రోజులకే చేసినా అంతే. బస్సు దిగాక టిఫిను పెట్టించి, ఒక గంట ఆడించి తీసుకురండి. పాత రిపోర్టు కాగితం తప్పకుండా తేవాలి, 188 ఏ నాళంలో వచ్చిందో చూసి అక్కడే మళ్లీ కొలవాలి.

అరకు అమ్మ

బస్సులో నీళ్ల సీసా రెండు పెట్టుకోండి సారుగోరూ. స్వెట్టర్ కూడా. నాలుగ్గంటలకి కిటికీ పక్కన కూర్చోబెట్టొద్దు.